ఏ రాష్ట్రమని అడగనివాడు

రాజన్నా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

మొన్న ఈ ఎడారి దేశంలో కంపెనీ మూతపడి, ఇండస్ట్రియల్ ఏరియా లేబర్ క్యాంపులో సీతయ్య అనే అతను చిక్కుకుపోయాడు. పాస్‌పోర్టులో ఖమ్మం జిల్లా. రాష్ట్రం విడిపోయినప్పుడు ఊరేమో ముంపు మండలాలతో పాటు ఆంధ్రలో కలిసింది. అప్పుడే రెండైన మన తెలుగు సంఘాలు రెండూ సాయం చేయకుండా తప్పించుకున్నాయి.

"మీ ఊరు ఆంధ్రల కలిసింది గదా, వాళ్లనే అడుగు" అన్నారట మీవాళ్ళు. "పాస్‌పోర్టులో తెలంగాణ జిల్లా ఉందిగా, అక్కడే అడగండి" అన్నారు మావాళ్ళు. ఒళ్ళు మండి, ఎంబసీకి నేనే తీసుకెళ్ళాను.

దారిలో అతను భయంగా అడిగాడు. "మీరు ఏ సంఘమోళ్ళు సార్?"

నువ్వైతే రెండు సంఘాల మీటింగుల్లోనూ కూర్చునేవాడివి. ఎవరొచ్చినా, "ముందుగాల తిన్నవా తమ్మీ?" అనేవాడివి.

సీతయ్య తిన్నాడో లేదో మేమెవ్వరం అడగలేదు, అన్నా.