ముప్ఫై రోజులు ముట్టుకోను

జూన్ 2, సోమవారం. ఉదయం 7.10

మొదలు! ఈ క్షణం నుంచి ముప్ఫై రోజులు అక్వేరియంలో చెయ్యి పెట్టను. పెడితే నేను టైలర్నే కాదు!

సంగతేమిటంటే, మా పిచ్చుక సైకిల్ మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. పిచ్చుక అంటే మా పదేళ్ళ కూతురు. ఒక్కచోట వాలదు, అందుకే ఆ పేరు. కట్టు విప్పారు. ఎముక అతికింది గానీ వేళ్ళు ముడుచుకోవడం లేదు. రోజుకి మూడుసార్లు, సారికి ఇరవై పిడికిళ్ళు బిగించాలని ఫిజియో మేడమ్ చెప్పింది. పిచ్చుక వారం చేసి మానేసింది. "ఎంత చేసినా ఏం మారట్లేదు నాన్నా, ఇంక చెయ్యను." ఇప్పుడు మానేస్తే వేళ్ళు అలాగే బిగుసుకుపోతాయట.

అందుకే పిచ్చుకతో పందెం కాశాను. చేపల షాపాయన అనూబియాస్ అనే నీటిమొక్క ఇచ్చాడు. "మొండిది సార్, చావమన్నా చావదు. నెలకో ఆకు వేస్తే గొప్ప. ఈ లావుపాటి కాడని ఇసుకలో పాతొద్దు. రాయికి దారంతో వదులుగా కట్టండి. ఇంక దాని మానాన దాన్ని వదిలెయ్యండి." నేను మొక్కను ముట్టుకోకుండా ఉండాలి. పిచ్చుక పిడికిళ్ళు మానకుండా చెయ్యాలి. ఎవరు తప్పినా పందెం రద్దు. గోడమీద కాగితం, ఇద్దరికీ చెరో వరస, రోజుకో టిక్కు.

మా ఆవిడ కాజాలు కుట్టడం ఆపి మరీ నవ్వింది. "మీరా! ముట్టుకోకుండానా!"

ఏం, పని చెయ్యకపోవడం కూడా ఒక పనేనా?

జూన్ 3

ఆకులు: 6. టిక్కులు: ఇద్దరికీ. ఉన్న ఒక్క చేపా మొక్క చాటున పడుకుంది. ఇల్లంతా ప్రశాంతం. నాకు ఇంత ఓపిక ఉందని ఇన్నాళ్ళూ ఎవరూ గుర్తించలేదు.

జూన్ 5

టేపుతో కొలిచాను. గాజు బయటి నుంచే! పెద్దాకు రెండుంపావు అంగుళాలు.

జూన్ 7

1.00కి రెండుంపావు. 1.20కి రెండుంపావు. 3.45కి కూడా అంతే. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది మహాతల్లి. సాయంత్రం ఒకాయన ప్యాంటుకి నడుము కొలత రెండుంపావు అని రాశాను. ఆయన చూసి, "కొంచెం వదులుగా పెట్టండి" అన్నాడు.

జూన్ 9

కాడ నుంచి వేర్లు నీళ్ళలో వేలాడుతున్నాయి. మూడు. అచ్చం కత్తిరించకుండా వదిలేసిన దారప్పోగుల్లా. పోగులు వేలాడే చొక్కా నా షాపు గడప దాటదు. ఇవాళ ముద్ద దిగలేదు.

జూన్ 10, మధ్యాహ్నం 2.30

కత్తిరించాను.

మూడంటే మూడే. ముట్టుకుంది కత్తెర, నేను కాదు. టిక్కు పెట్టాను.

జూన్ 12

రాయికి కట్టిన దారం వదులుగా ఊగుతోంది. నా చేతి ముడి వదులా! ఇరవై రెండేళ్ళ అనుభవం! విప్పి, నాలుగు చుట్లు చుట్టి, రెండు ముళ్ళు బిగించాను. ఏనుగు లాగినా రాదు. టిక్కు.

సాయంత్రం పిచ్చుక పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, చూడు చూడు!" ఉంగరం వేలు అరచేతిని తాకింది! ఇంక చిటికెన వేలొక్కటే. "నువ్వు ఆగుతున్నావుగా, అందుకే నేనూ చేస్తున్నా."

తేలు కుట్టిన దొంగలా నవ్వాను.

జూన్ 14

వెలుతురు చాలదేమోనని మిషన్ మీది లైటు తెచ్చి రెండు రోజులుగా వెలిగిస్తున్నాను. ఆకుల నిండా నాచు పట్టింది. నాచు పడితే తుడవాలా వద్దా? తుడవాలి. పళ్ళు తోమే బ్రష్‌తో తుడిచాను. ఒక ఆకు బ్రష్‌తోపాటే వచ్చేసింది. ఆకులు: 5. టిక్కు.

జూన్ 16

ఆకులు: 3. దారం కోసుకుపోయిన చోట కాడ మెత్తబడింది. వాసన కూడా.

షాపాయన దగ్గరికి పరుగెత్తాను. "ముట్టుకున్నారా సార్?" "అబ్బే!" అన్నాను. ఆయన నా చొక్కా చెయ్యి వంక చూశాడు. మోచేతి దాకా తడిసి ఉంది.

చావమన్నా చావని మొక్కను చంపుతున్న మొనగాణ్ణి నేనే.

జూన్ 17, సాయంత్రం 4.40

దొరికిపోయాను. పిచ్చుక బడి నుంచి వచ్చేసరికి రాయి నా ఒళ్ళో ఉంది, దారం నా పళ్ళ మధ్య ఉంది.

"ఎప్పట్నుంచి?"

"పదో తారీఖు నుంచి."

పెన్సిల్ తెచ్చి పదో తారీఖు నుంచి నా టిక్కులన్నీ కొట్టేసింది. "అయితే పందెం లేదు. నేనూ చెయ్యను."

మా ఆవిడ ఒకటే మాట అంది. "కుక్క తోక వంకరని తెలిసీ నవ్వి ఊరుకున్నాను చూడండీ, నాదీ బుద్ధి తక్కువే."

జూన్ 18

పిచ్చుక చెయ్యలేదు.

జూన్ 19

చెయ్యలేదు. పొద్దున గ్లాసు పట్టుకుంటుంటే చూశాను. ఉంగరం వేలు మళ్ళీ దూరంగా నిలబడింది. మొక్క పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. ఆ చెయ్యి ఎక్కడ తెస్తాను? సిగ్గుతో చచ్చిపోతున్నాను.

జూన్ 20, ఉదయం 8.00

"తప్పు నాదేనమ్మా. అబద్ధపు టిక్కులు పెట్టాను" అని చెప్పేశాను. కుళ్ళిన కాడంతా కోసి తీసేశాను. గట్టిగా ఉన్నది అంగుళం ముక్క, దానికో ఆకు మిగిలాయి.

"బతుకుతుందా?"

"బతుకుతుందనే అంటున్నాడు షాపాయన. నెలలు పడుతుందట."

ముక్కని తన వైపు లాక్కుంది. "నువ్వు కట్టకు. నేను కడతా."

కుడిచేత్తోనే. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. దారం జారింది, మళ్ళీ తీసుకుంది. మళ్ళీ జారింది. నేను నా చేతుల మీద కూర్చున్నాను, అక్షరాలా. ముడి వదులుగా వచ్చింది, మొక్క ఓ పక్కకి ఒరిగింది. కాడకి మాత్రం నొప్పి లేదు.

తర్వాత నన్ను అక్వేరియంకి వీపు పెట్టి కూర్చోమంది. "అటు చూడకు. నన్ను చూడు. లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. ఇరవై.

"చిటికెన వేలు తాకిందా నాన్నా?"

తాకిందనాలని నోటిదాకా వచ్చింది. "లేదమ్మా. ఇంకా అరంగుళం ఉంది."

వంగి తనే చూసుకుంది. "అవును, అరంగుళం." కొత్త కాగితం అంటించి, పైన ముప్ఫై బదులు అరవై అని రాసింది. నేను పెన్సిల్ అందుకోబోతే ఇవ్వలేదు.

మొదటి రోజు. ఆకులు: 1. నా టిక్కు పిచ్చుకే పెట్టింది.