మూడు రోజులు నానిన గింజలు

వడమాలపేట

అత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ పెద్ద గుమ్మడి గింజలు మొలిచాయి.

నన్నేమో వాటిని మూడు రోజులు నీళ్లలో నానబెట్టమనేదానివి. ఏటా అవి కుళ్లి కంపు కొట్టేవి. "కాన్వెంటులో సదివిన సెయ్యి, ఏం మొలుస్తాది?" అని పేరంటాండ్ల ముందు నవ్వేదానివి. నువ్వు మాత్రం ఒక్క రాత్రే నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, వెచ్చని గడ్డిలో పెట్టేదానివని మొన్న నాయన మాటల్లో తెలిసింది. అలాగే చేశాను. పెట్టిన తొమ్మిది గింజలూ మొలకెత్తాయి.

ఈ పొద్దు నాయన చూసి, "అచ్చం మా యక్క సెయ్యే వచ్చినాది నీకు" అన్నాడు.

"కాదు నాయనా, ఇది నా చెయ్యే" అన్నాను.

గట్టిగా మాట్లాడడం నాకు రాదు. అయినా నీకు వడ్డించిన విస్తరి దాకా వినబడేలా అన్నాను.