ఎనిమిది తీగల కంపెనీ

7-7-1997
శంకర్ పోయి ఇవాళ్టికి మూడు నెలలు. కంపెనీ మూసేస్తానంటున్నాడు సదానందం. ఇద్దరూ కలిసి పెట్టిందే కదా... "అవ్వా, నేనొక్కన్ని ఏం జేస్త? హైదరాబాద్‌ల నౌకరి దొరికింది." వాడి చేతిలోంచి తాళంచెవి లాక్కొని వచ్చాను. నా కొడుకు బోర్డు దింపనివ్వను.

8-7-1997
జమ్మికుంట పత్తి మిల్లు పని వచ్చింది. వాళ్ల ఆరు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలట. "గీ పని మంచిగైతే ఉంట అవ్వా. లేకుంటె పోత." సరే అన్నాను.

మిల్లువాళ్లు కంపెనీ చరిత్ర రాసి ఇమ్మన్నారు. నేను చెప్పాను, సదానందం రాశాడు. మొదటి డబ్బా మా వంటింట్లో పుట్టింది — కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే డబ్బా. రేకు దొరక్క నా పోపుడబ్బాకు బొక్కలు పొడిచారు ఇద్దరూ. కొన్నాయన వారానికే తిరిగొచ్చాడు — ఆఫీసంతా జీలకర్ర వాసన! అదంతా వదిలేసి "సొంత డిజైన్" అని రాశాడు సదానందం.

11-7-1997
పని నేర్చుకుంటున్నాను. కేబుల్ కోస్తే లోపల ఎనిమిది సన్న తీగలు, జతలు జతలుగా మెలేసుకొని. కొసకు బిగించే ప్లగ్గులో ఎనిమిది సీట్లు; ఏ తీగ ఎన్నో సీట్లో కూర్చోవాలో శంకర్ రాసిన కాగితం గోడకుంది. వాడి అక్షరాలు చూస్తూ కూర్చున్నాను. పని కాలేదు.

12-7-1997
ఆరు కేబుళ్లు, పన్నెండు కొసలు. అన్నీ నేనే బిగించాను. శంకర్ కాగితంలో తప్పు దొరికింది. ఆకుపచ్చ జతను విడదీసి, నడుమ నీలం జతను కూర్చోబెట్టాడు. బళ్లో కూడా ఇంతే, అన్నీ తొందర. నేను సరిచేశాను. డబ్బాకు పెడితే లైట్లు వెలిగాయి. లైట్లు చూసి సదానందం — "నువ్వు ఇంజనీరువే అవ్వా!"

15-7-1997
జమ్మికుంట. దగ్గరి రెండూ మాట్లాడాయి. దూరంవి నాలుగూ ఉలకవు, పలకవు. మిల్లు షావుకారు — "ఏందమ్మా, మీ కంప్యూటర్లు తోడికోడండ్ల లెక్క మూతులు దిప్పుకొని కూసున్నయ్?"

సదానందం ఒక కొస కోసి చూశాడు. "వరుస ఎవలు మార్చిండ్రు?"
"నేనే. జతను ఇడదీస్తరా బిడ్డా ఎవలన్న?"
పత్తి బేలు మీద కూలబడ్డాడు. "అవ్వా... మూడో సీటు, ఆరో సీటు ఒక్క జతకే. అందుకే గట్ల రాసిండు. నువ్వు మారిస్తివి, ఆ రెండు సీట్లు వేరే వేరే జతలకు పడ్డయ్. మెలి తప్పితే దూరం పొయ్యేసరికి మాట చెదురుతది. దగ్గర్ల నడిచింది, దూరం నడుస్తలేదు."
"అంటె శంకర్ తప్పు రాయలే?"
"రాయలే అవ్వా."
మిల్లు మధ్యలో బోరున ఏడ్చాను. షావుకారు హడలిపోయాడు. "ఏడ్వకమ్మా! జర రేపటిదాంక ఆగుతం తియ్."

16-7-1997
కొసలన్నీ కోసి మళ్లీ బిగించాం. ఐదు మాట్లాడుతున్నాయి. ఆరోది షావుకారుది. కోసీ కోసీ దాని కేబుల్ డబ్బాకు జానెడు తక్కువైంది. కొత్తది హైదరాబాద్ నుంచి రావాలంటే వారం. అన్ని రోజులు ఆగనంటాడు. బల్ల జరపమంటే — "వాస్తు జూసి ఏసిన బల్ల. పంతులు చెప్పంది ఇంచు గూడ జరుపను."

సదానందం హైదరాబాద్ నౌకరి కాగితం జేబులోంచి తీశాడు. చూశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

పంతులు రేపు పొద్దున వస్తాడట. మొదటి బస్సుకే పోతాను. జానెడు... బల్లను ఒక్క జానెడు తూర్పుకు, డబ్బా దిక్కుకు జరపమని ఆయనతో ఎట్లా చెప్పించాలో...