పేరు కొట్టించని గ్లాసు

మన్సూరాబాద్,
28-9-2011

చిరంజీవి సౌజన్యకు నాన్న ఆశీస్సులు.

మేము ముగ్గురమూ కుశలమే. హాస్టల్ చన్నీళ్ళకు పట్టిన జలుబు తగ్గిందా? తెలంగాణ కోసం జరుగుతున్న సమ్మె వల్ల విజయవాడకు బస్సులు లేవు. దసరాకు నిన్ను తీసుకురాలేను. ఆదివారం ఐదు నిమిషాల ఫోన్‌లో చెప్పలేనివి కొన్ని ఉన్నాయి గనుక రాస్తున్నాను.

నీ ప్రశ్నలకు వరుసగా జవాబులు. ఒకటి, సినిమా హాళ్ళు మూతపడ్డాయి, ఈ నెల కొత్తవేవీ చూడలేదు. రెండు, ప్రభుత్వ అవార్డుల మీద నా అభిప్రాయం మారలేదు. హీరో కొడితే సుమోలు గాల్లోకి లేస్తున్నాయి, ఆ గాలికే అవార్డులూ రాలుతున్నాయి. హీరోకు, డాక్టరుకు, జడ్జికి ఒక భాష. రౌడీకి, తాగుబోతుకు, పనిమనిషికి మన భాష. ఇన్నేళ్ళుగా చూసిన సినిమాల గురించి రాసుకున్న నా జాబితాలన్నీ తిరగేశాను. మన మాటకు పెద్ద వేషం దొరకలేదు.

మూడు, మన ఇంటి అవార్డు. ఏటా దసరాకు, ఆ ఏడు నాకు బాగా నచ్చిన నటుడిదో నటిదో పేరు స్టీలు గ్లాసు మీద కొట్టిస్తాను కదా, ఈసారి ఎవరిదని అడిగావు. దానికి ముందు వేరే సంగతి చెప్పాలి.

నిన్న బతుకమ్మ మొదటి రోజు. నాయినమ్మ పాట ఎత్తలేదు. పై వాటా లలితకుమారి గారు బతిమాలారు కూడా: "అదేంటండీ పిన్నిగారూ, మీరు మొదలెట్టకపోతే మాకు చప్పట్లు ఎక్కడ కొట్టాలో కూడా తెలీదు!" నాయినమ్మ గొంతు చూపించి తల అడ్డంగా ఊపింది. గొంతుకు ఏమీ కాలేదు. పొద్దున పిల్లిని వీధంతా వినబడేటట్లు తిట్టింది.

కారణం నాకు తెలుసు. ఆగస్టులో ఆమెను దిల్‌సుఖ్‌నగర్‌లో సినిమాకు తీసుకుపోయాను. అందులో పనిమనిషి నోరు తెరిచినప్పుడల్లా హాలు గొల్లుమన్నది. ఆ హాస్యనటికే ఈ ఏటి గ్లాసు అనుకున్నాను. ఇంటర్వెల్‌లో నాయినమ్మ అడిగింది.

"మట్టయ్యా, గామె నా లెక్కనే మాట్లాడుతుంది గదరా. జోకేం జెప్పలే. మరెందుకు నవ్వుతున్రు?"

"సినిమా గదనే అమ్మా, ఊకెనే నవ్వుతరు."

"నువ్వు గూడ నవ్వినవ్."

నవ్వాను తల్లీ. అందరికంటే గట్టిగా. ఈ ముక్క మీ అమ్మకు కూడా చెప్పలేదు. ఆనాటి నుండి బయటివాళ్ళు వస్తే ఆమె నోరు విప్పదు. బయట రోడ్డు మీద తెలంగాణ నినాదాలు, ఇంట్లో ఈ మౌనం.

మొన్న ఆదివారం నువ్వు "ఏంటి నాయినమ్మా, బావున్నారా?" అన్నావు. ఆమె ఫోన్ నా చేతికిచ్చి, "పోరి గూడ మారింది" అన్నది. నిన్ను తప్పుపట్టను. అక్కడి పిల్లలు నీ మాటకు నవ్వుతున్నారని అమ్మకు రాసిన సంగతి నేనూ చదివాను. అయినా అడుగుతున్నాను. ఈ ఆదివారం ఐదు నిమిషాలూ నాయినమ్మకే ఇవ్వు. ఎవరు పక్కన నిలబడి విన్నా, ఇంట్లో మాట్లాడినట్లే మాట్లాడు. చివరి రోజు సద్దుల బతుకమ్మ నాటికైనా ఆమె పాట ఎత్తాలి.

ఇక నీ మూడో ప్రశ్న. గిన్నెల దుకాణం బక్కయ్య పేర్లు కొట్టే మిషను పట్టుకుని, "పేరేం కొట్టాలె సార్?" అన్నాడు. ఏమీ వద్దని గ్లాసు తీసుకువచ్చాను. పొద్దున నాయినమ్మ అందులోనే చాయ్ తాగుతూ, బొటనవేలితో అంచు కింద తడిమి చూసింది.

"ఏందిరా, ఈసారి ఎవ్వలు గెలువలేదా?"

ఇట్లు,
మీ నాయినమ్మకు ఇంకా జవాబు చెప్పని
మీ నాన్న
మట్టయ్య