అరవై దగ్గరే ఆగిన ముల్లు

బావకు,

ఈ కాగితం తెస్తున్న వ్యాను డ్రైవరు అడ్డదారిన వస్తున్నాడు. కొండదారి దిగేముందు నువ్వు టీకి ఆగే కొట్టు దగ్గరే నిన్ను పట్టుకోమన్నాను. బండి నడిపేటప్పుడు నువ్వు ఫోన్ కట్టేస్తావు. ఆ మంచి అలవాటే ఇప్పుడు నా ప్రాణం తీస్తోంది.

పొద్దున నిన్ను సాగనంపుతూ మోటార్ సైకిల్ మీద నీ లారీ వెనకాలే వచ్చాను కదా, అప్పుడు నా మీటరు డెబ్బై చూపించింది. నువ్వు అరవై దాటవు, నా మీటరే పాడైందని నవ్వుకున్నాను. షాపుకొచ్చి నీ పాత చక్రాన్ని, నీ లారీకి నేను బిగించిన కొత్త సైజులోదే ఇంకో చక్రం పక్కన నిలబెట్టాక తప్పెక్కడో తెలిసింది. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది. మీటరుకు ఆ సంగతి తెలియదు. దాన్ని సరిచేయాల్సింది నేను. "ఇంకెంతసేపురా?" అని నువ్వు తొందరపెడితే మరిచిపోయాను. పెద్ద చక్రాలైతే లారీ ఠీవిగా ఉంటుందని నిన్ను ఎగదోసిందీ నేనే.

పెద్ద చక్రాలకు బ్రేకు కూడా మునుపటిలా పట్టదు. అంత లోడుతో కొండ దిగకు. నీ పాత చక్రాలు ఇంకో బండిలో వేసుకుని వెనకాలే బయల్దేరుతున్నాను.

పక్కనున్న అక్కకు ఈ ఉత్తరం చూపించకు. "మా ఆయన ముల్లు అరవై దాటనివ్వడు" అంటూ ధీమాగా ఎక్కింది.

కోపమొస్తే నన్ను కొట్టు. కొట్టడానికైనా అక్కడే ఆగు.

నీ బామ్మర్ది