నాన్న పడిన లెక్క

పీణ్య, బెంగళూరు
12 జూలై 2004, సోమవారం

నీళ్ళు పట్టాను, ఎనిమిది బిందెలు. నాన్న పక్కబట్టలు రెండుసార్లు ఉతికాను. మందులు మూడు పూటలా వేశాను. మా ఆయన స్టీఫెన్‌కి క్యారియర్ పంపాను. రాగులు ఆడించడం మిగిలిపోయింది. ఉత్తరం రాయడం, ఇదిగో.

ప్రియమైన జ్యోత్స్నకు,

నీ పక్క మంచం కృప వందనాలు. మనం ఆరేళ్ళు నిద్రపోయిన బోర్డింగుకి ఇప్పుడు నువ్వే మేట్రన్‌వి కాబట్టి ఈ పని నీవల్లే అవుతుంది. కారణమంతా చెప్పాకే ఆ పనేమిటో అడుగుతాను.

నాన్న మా దగ్గరికి వచ్చి రెండేళ్ళయింది. 'జారుడు ఏలియా' అంటే చాలు, మా వీధిలో తెలుగు తెలిసినవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. మెట్ల మీంచి, ఎద్దులబండి మీంచి, పెళ్ళిపందిరి మీంచి, ఆయన పడని సినిమా లేదు కదా. అలాంటి మనిషికి ఇప్పుడు నేను ఎవరో తెలియదు. షూటింగుకి వచ్చి లాడ్జిలో దిగానని అనుకుంటున్నారు. నేను లాడ్జి నడిపే అమ్మగారిని. ఆయన కూతురికి పన్నెండేళ్ళు, మదనపల్లెలో చదువుకుంటోంది.

ఆ కూతురికి వారానికొక ఉత్తరం రాసి, పోస్టు చేయమని నాకిస్తారు. దాచేద్దామనుకున్నాను గాని, నేను ఎదురుగా ఉన్న పోస్టు డబ్బాలో వేసేదాకా గేటు పట్టుకుని నిలబడి చూస్తారు. అందుకని వేశాను. మొన్న శుక్రవారం ఒకటి తిరిగి వచ్చింది. మీ ఆఫీసులో ఎవరో ఎర్ర సిరాతో 'ఈ పేరు గలవారు లేరు' అని రాశారు. వాళ్ళ తప్పేమీ లేదు. మా పోస్ట్‌మన్ నరసింహప్ప దాన్ని నేరుగా నాన్న చేతిలో పెట్టాడు.

"ఏం సామీ, మీ కాగితం ఊరంతా తిరిగి మీ ఇంటికే వచ్చేసిండాది?" అని నవ్వాడు కూడా.

నాన్న కవరును అటూ ఇటూ తిప్పి చూశారు. "మళ్ళీ తీసుకోలేదా?" అన్నారు. అంతే. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ 'మళ్ళీ' సంగతి నీకు సగమే తెలుసు. 1971లో నేను ఆయన ఉత్తరాలు పద్నాలుగు విప్పకుండా వెనక్కి పంపించాను. తండ్రి సినిమాల్లో కోతివేషాలు వేస్తాడని సిగ్గుపడ్డానని మీరందరూ అనుకున్నారు. నాన్న కూడా అదే అనుకున్నారు. వేసవి సెలవులకు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఏమీ అడగలేదు. గాజులు కొనిపెట్టారు. ఆ తర్వాత ఎన్నడూ ఉత్తరం రాయలేదు. ఆయన అడగలేదని నేను చెప్పలేదు. ముప్పై మూడేళ్ళు ఒకరితో ఒకరం ఎంతో మర్యాదగా మసలుకున్నాం.

అసలు కారణం ఆ ఉత్తరాల్లోనే ఉంది. అమ్మ పోయాక ఆయనకు చెప్పుకునే మనిషి లేకపోయింది. ఊరందరినీ నవ్వించే మనిషి నాకు ఒక్క నవ్వు మాటా రాయలేదు. 'పాపా, ఇవాళ పదకొండు సార్లు పడ్డాను. మూడుసార్లు ఎడమ మోకాలికే తగిలింది. డైరెక్టరు ఇంకోసారి అన్నాడు. ఎవరికీ చెప్పలేదు, నీకే చెప్తున్నాను.' ప్రతి ఉత్తరంలోనూ తేదీ, పడినవి ఎన్ని, తగిలినవి ఎన్ని. లెక్క రాయడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తొమ్మిదో ఏట మొదలుపెట్టి మూడేళ్ళు చదివాను. ఆపైన నావల్ల కాలేదు.

స్టీఫెన్‌తో చెప్తే, "ఇప్పుడైనా పక్కన కూర్చుని చెప్పెయ్ కృపా" అన్నారు. ఆ పనీ చేశాను. చెయ్యి పట్టుకుని, "నాన్నా, నేనే" అన్నాను. ఆయన గబుక్కున చెయ్యి లాక్కుని లేచి నిలబడ్డారు. "అట్లనగూడదు అమ్మగారూ. నా బిడ్డ చిన్నపిల్ల" అని నాకు దణ్ణం పెట్టారు.

ఇక ఆ చిన్నపిల్లే రాయాలి. ఈ కవరులో ఇంకో కవరు ఉంది. దాన్ని మదనపల్లెలో పోస్టు చెయ్యి. ఆయన భూతద్దం పెట్టి ఊరి ముద్ర చూస్తారు. ఇకమీద ఆయన ఉత్తరాలు వస్తే తిప్పి పంపించకుండా నీ దగ్గర ఉంచు. అప్పటి గుండ్రటి అక్షరాలు మళ్ళీ రావడానికి నాలుగు కాగితాలు పాడయ్యాయి.

నీ
కృప


బాలికల బోర్డింగు
మదనపల్లె, శుక్రవారం

నాన్నా,

నేను బాగున్నాను. నీ ఉత్తరాలు తీసుకోనని మేట్రనమ్మకి నేనే చెప్పాను. నువ్వంటే సిగ్గుపడి కాదు. ఒట్టు.

శనివారం హాల్లో నీ సినిమా వేశారు. నువ్వు మేడమెట్ల మీంచి దొర్లితే అందరూ బెంచీలు కొడుతూ నవ్వారు. జ్యోత్స్న కూడా నవ్వింది. అది నువ్వు ఎడమ భుజం అని రాసిన రోజుదని నాకు తెలుసు. నేను కళ్ళు మూసుకుని మెట్లు లెక్కపెట్టాను. పద్దెనిమిది. నువ్వు ఉత్తరంలో పదహారే రాశావు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను ఆటకి వెళ్ళను. నేను అక్కడికి రాలేను, పట్టుకోలేను, మందు రాయలేను. మరి నాకే ఎందుకు చెప్తావు? చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావు? ఈ రెండూ రాత్రంతా అనుకుంటాను. అందుకే విప్పకుండా పంపించేశాను. విప్పకపోతే నువ్వు పడనట్టు అనుకున్నాను.

నువ్వు రాయి నాన్నా. ఈసారి తీసుకుంటాను.

నీ పాప
కృప


పీణ్య, బెంగళూరు
29 జూలై 2004, గురువారం

నీళ్ళు ఆరు బిందెలు. రాగులు ఆడించాను. ఉప్మా చేశాను, నీళ్ళు ఎక్కువై ముద్దయింది. బాత్రూము రెండుసార్లు కడిగాను. రెండోసారి ఎందుకో కింద రాశాను.

ప్రియమైన జ్యోత్స్నకు,

నీ చలవ వల్ల పోయిన బుధవారం ఉత్తరం అందింది. నాన్న ముద్ర చూసి, కత్తెరతో అంచు కత్తిరించి, మూడుసార్లు చదివారు. నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తలేదు. ఉత్తరం మడిచి నన్ను పిలిచారు.

"అమ్మగారూ, పన్నెండేళ్ళ బిడ్డకి ఇవన్నీ చెప్పుకుంటారా ఎవురైనా? నాకు బుద్ధి ఉండాదా?"

"ఒంటరి మనిషి కదండీ" అన్నాను.

"ఆ బిడ్డ మాత్రం ఒంటరిది కాదా?" అన్నారు. ఆ రోజు నుంచి ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారు.

ఈ ఉదయం బాత్రూములో పడ్డారు. శబ్దం విని పరుగెత్తాను. ఎడమ మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. ఎలాగో లేపి కుర్చీలో కూర్చోబెట్టాను. దూదితో టించరు అద్దుతుంటే పళ్ళు బిగబట్టారు.

"ఇంకెక్కడ తగిలింది, చెప్పండి."

"యాడా లేదు. అమ్మగారూ, మా పాపకి మాత్రం ఈ సంగతి తెలియగూడదు. మీరు గానీ రాసేరు."

"రాయను."

"ప్రమాణంగా?"

"ప్రమాణంగా" అన్నాను, ఆయన మోకాలు పట్టుకుని.

కట్టు కట్టడం అయిందో లేదో కాగితం అడిగారు. రాసి నాకు చదివి వినిపించారు. 'పాపా, ఇవాళ నేను ఒక్కసారీ పడలేదు. నిన్నా లేదు. ఇక్కడ లాడ్జి అమ్మగారి ఉప్మా ఉండాదే, దాని మీద పడితే మాత్రం దెబ్బ తగలదు, అంత మెత్తన. డైరెక్టరుకి చెప్పి పరుపుకి బదులు అదే పరిపిస్తాను.'

జ్యోత్స్నా, ఆయన నాకు రాసిన మొదటి నవ్వు మాట ఇది. చేతిలో రక్తం దూదితోనే పకపకా నవ్వేశాను. ఆయన నా ముఖం వైపు అదోలా చూశారు. గుర్తుపట్టారేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. కాదు. నవ్వు పండిందా లేదా అని చూసుకుంటున్నారు, అంతే.

"నమ్ముతాదా అమ్మగారూ?"

"నమ్ముతుందండీ."

కుంటుకుంటూ గేటుదాకా వచ్చి, నేను డబ్బాలో వేసేదాకా నిలబడ్డారు. వేశాను. రేపో ఎల్లుండో నీకు చేరుతుంది. తీసుకో. విప్పకపోయినా ఫరవాలేదు, నేను విన్నాను. ఆయన పడతారు, నేను లేపుతాను, పాపకి తెలియదు. ఇంతకన్నా నా చేతిలో ఏమీ లేదు.

నీ
కృప

తా.క. నా పుస్తకంలో ఈ రోజు పేజీ ఇలా మూశాను: నాన్న పడినది ఒకటి. పాపకు తెలిసినది సున్న. 1971 నుంచి పద్నాలుగు ఉత్తరాల జవాబు బాకీ, చెల్లు.