మత్తు సూది వద్దన్న అత్త

కరీంనగర్ దవాఖాన,
మంగళవారం.

నా పెనిమిటి అంబదాసుకు, నీ బాలలక్ష్మి రాసేది.

మీ అవ్వ కిందవడ్డదని, తుంటి బొక్క ఇరిగిందని, ఫికర్ చెయ్యకుమని ఫోన్ల చెప్పిన. మిగిలింది చెప్పలే. భీవండిల నీ ఎనక ఎప్పుడూ బట్ట నేసే సాంచాల చప్పుడే. గా చప్పుడుల గిసొంటి మాట చెప్పబుద్ధి గాలే.

నొప్పికి అత్త ఒర్లుతుంటే నిన్న గట్టి మత్తు సూది ఇచ్చిండ్రు. నొప్పి తగ్గింది గని మనిషి మనిషి తీరు లేదు. గోడతోని మాట్లాడింది. తర్వాత నా దిక్కు జూసి, "నీ పోరుకే నా కొడుకు ఊరిడిసి పోయిండు. నా కండ్ల ముందట ఉండకు" అన్నది. వార్డంత ఇన్నరు. మత్తుల అన్న మాటలు పట్టించుకోకని నర్సమ్మ చెప్పింది. గని అది అబద్ధమా, నువ్వే చెప్పు? ఇక్కడ కూలి గిట్టుబాటు గాక నిన్ను పొమ్మన్నది నేనే గదా. ఆరేండ్లల్ల అత్త ఒక్కనాడు గా మాట తియ్యలే. మరిచిపోయిందనుకున్న. నాకు మస్తు బాధైంది. ఆపరేషన్ గాంగనే హుస్నాబాద్ మా తల్లిగారింటికి పోత. మీ చెల్లె మంజుల వచ్చి చూసుకుంటది. నన్ను ఆపకు.

బాలలక్ష్మి

శనివారం.

అంబదాసూ,

మొన్నటి ఉత్తరం చదివి పరేషాన్ అయితవని ఎంబడే ఇది రాస్తున్న.

బుధవారం పొద్దుగాల అత్తకు తెలివొచ్చింది. నొప్పి మల్ల షురూ అయింది. సూది ఇయ్యవస్తే చెయ్యి గుంజుకున్నది. కొంగు పండ్ల నడుమ పెట్టుకొని ఓర్సుకుంటది గని సూది వద్దంటది. నా మీది కోపానికే అనుకొని నేను దగ్గరికి పోలే. ఆఖరికి మత్తు డాక్టరమ్మ మమతారాణి మంచం పక్కన కూసొని అడిగితే చెప్పింది: "గా సూది ఏస్తే నా నోరు నా చేతుల ఉంటలేదు. కోడల్ని అనరాని మాటన్న." నేను లేచి మంచం కాడికి పోయిన.

డాక్టరమ్మ ఇంకో తీరు చెప్పింది. తొడ మొదట్ల నరం పక్కకు, మిషన్ల జూసుకుంట సూది ఏస్తరట. తుంటి మొద్దువారుతది, తలకాయకు ఏం గాదట. "మాట జారదు గదా?" అని రెండుసార్లు అడిగి ఒప్పుకున్నది. అరగంటల మొకం తేటగైంది.

అప్పుడు నా చెయ్యి పట్టుకొని అన్నది: "తెలివితోని చెప్తున్న బిడ్డా. వాణ్ని పొమ్మని నేనే అందామనుకున్న. తల్లిని గదా, నోరు రాలే. నువ్వన్నవు. గందుకే నీ మీద కోపం." ఇద్దరం మస్తు ఏడ్చినం.

ఆపరేషన్ నిన్న మంచిగైంది. నేను ఎక్కడికి పోను. ఇక్కడి కూలి తక్కువే, ఉన్నదే తిందాం. నిన్ను పంపినోళ్లం ఇద్దరం. ఇద్దరం గలిసే అడుగుతున్నం, ఇంటికి రా.

నీ బాలలక్ష్మి,
పక్కనే మీ అవ్వ